ఇన్వర్నెస్ నుంచి స్కై దీవికి ఒక్క రోజు ప్రైవేటు యాత్ర: అమ్మానాన్నలతో ఎలా వేసుకోవాలి?

కృష్ణాతీరం

సభ్యులందరికీ నమస్కారం. మే నెలాఖరులో మా అమ్మానాన్నలు తెనాలి నుంచి మాంచెస్టర్‌లోని మా ఇంటికి వస్తున్నారు. నాన్నగారు రైల్వేలో పనిచేసి రిటైరయ్యారు, నడకకు ఇబ్బంది లేదు. అమ్మకు మాత్రం మోకాళ్ల నొప్పులు. చదునైన నేల మీద నెమ్మదిగా నడవగలుగుతుంది కానీ మెట్లు ఎక్కడం చాలా కష్టం. ఆరేళ్ల మా అబ్బాయి కూడా వెంట ఉంటాడు. స్కాట్లండ్‌లోని హైలాండ్స్‌నూ స్కై దీవినీ వాళ్లకు చూపించాలని నాకూ మా వారికీ ఎంతో కోరికగా ఉంది.

డ్రైవరే గైడుగా ఉండే ప్రైవేటు వాహనాన్ని ఒక్క రోజుకు మాట్లాడుకుందామని అనుకున్నాము. ఎడిన్‌బరోలోని ఒక సంస్థను అడిగితే, తెల్లవారుజామున అక్కడ బయల్దేరదీసి గ్లెన్‌కో, లాక్ నెస్, ఐలీన్ డోనన్ కోట, పోర్ట్రీ, ఓల్డ్ మ్యాన్ ఆఫ్ స్టోర్, కిరాంగ్, ఫెయిరీ పూల్స్, డన్వేగన్ కోట అన్నీ చూపించి అదే రాత్రి తిరిగి దించుతామని పట్టిక పంపారు. మ్యాపులో దూరాలు చూస్తుంటే నాకు నమ్మకం కలగడం లేదు. ఒక్క రోజులో నిజంగా ఎంత చూడగలం, ఎక్కడి నుంచి బయల్దేరితే మంచిది, బస్సు యాత్ర కంటే ప్రైవేటు వాహనానికి అంత ఎక్కువ పెట్టడం సబబేనా అన్నవి నా సందేహాలు. అమ్మానాన్నలు పూర్తి శాకాహారులు కాబట్టి తిండి సంగతి కూడా చెప్పగలరు.

ఉత్తరగాలి (ఇన్వర్నెస్ నివాసి)

కృష్ణాతీరం గారూ, మీ అనుమానం సరైనదే. ఎడిన్‌బరో నుంచి స్కైలోని ముఖ్యమైన ఊరు పోర్ట్రీకి ఎక్కడా ఆగకుండా వెళ్లినా ఒక వైపే అయిదు గంటలు పడుతుంది. రానూపోనూ పది గంటలు చక్రాల మీదే గడిస్తే, ఆ పట్టికలోని ఒక్కో చోట మీకు ఫొటో తీసుకునే వ్యవధి తప్ప ఇంకేమీ మిగలదు. మోకాళ్ల నొప్పులున్న మనిషిని అన్ని గంటలు కూర్చోబెట్టడం కూడా మంచిది కాదు.

ముందు రోజు ఎడిన్‌బరో నుంచి రైల్లో ఉత్తరాన ఉన్న ఇన్వర్నెస్ రండి. మూడున్నర గంటల ప్రయాణం, మీ నాన్నగారికి ఎంతో నచ్చుతుంది. రాత్రి ఇక్కడ పడుకుని ఉదయం ఎనిమిదింటికి బయల్దేరితే, ఆగుతూ వెళ్లినా మధ్యాహ్నం భోజనం వేళకు పోర్ట్రీలో ఉంటారు. ఆగకుండా అయితే అది రెండున్నర గంటల దారి.

నేను అందరికీ గట్టిగా చెప్పే మాట ఒకటుంది. స్కై చేరేదాకా ఉన్న దారిని కేవలం ప్రయాణంగా లెక్కపెట్టకండి, ఈ యాత్రలో సగం అందం ఆ దారిలోనే ఉంది. ఇన్వర్నెస్ దాటిన కొద్దిసేపటికే ఏ 82 రోడ్డు లాక్ నెస్ ఒడ్డు పట్టుకుంటుంది. ఆ సరస్సు పొడవు 37 కిలోమీటర్ల దాకా ఉంటుంది, లోతు 230 మీటర్లు. ఇంగ్లండు, వేల్స్ దేశాలలోని సరస్సులన్నిటినీ కలిపినా అంత నీరు ఉండదు. నీళ్లలో పీట్ (కుళ్లిన మొక్కలతో ఏర్పడిన మట్టి) రేణువులు కలిసి ఉండటం వల్ల ఒడ్డున నిలబడి చూస్తే నల్లగా కనిపిస్తుంది. ఇన్వర్‌మొరిస్టన్ దగ్గర సరస్సును వదిలి పడమరకు తిరిగితే చెట్లు పలచబడి, కొండలు దగ్గరికి వచ్చి, గ్లెన్ షీల్ లోయలోకి దిగుతారు. అక్కడ రోడ్డుకు కుడివైపున నిలిచిన శిఖరాల వరుసను కింటైల్ అయిదుగురు అక్కచెల్లెళ్లు అంటారు. బస్సు యాత్రలు చాలా వరకు ఆ లోయలో ఆగకుండానే సాగిపోతాయి. మీది సొంతంగా మాట్లాడుకున్న వాహనమైతే, రోడ్డు పక్కన ఆపుకునే వీలున్న చోట పది నిమిషాలు దిగి ఆ నిశ్శబ్దంలో నిలబడవచ్చు.

చెట్టునీడ

ప్రైవేటు వాహనానికి ఎక్కువ పెట్టడం సబబేనా అని అడిగారు. మా అత్తగారినీ మామగారినీ తీసుకువెళ్లిన అనుభవంతో చెబుతున్నాను, పెద్దవాళ్లు వెంట ఉంటే ఆ ఖర్చుకు తగిన ఫలం ఉంది. బస్సులో నలభై మంది ఎక్కి దిగడానికే ప్రతిచోటా కొంత సమయం పోతుంది. మనవాళ్లు నెమ్మదిగా నడుస్తారు కాబట్టి, చూడవలసిన చోటికి చేరేసరికి వెనక్కి రమ్మనే వేళ అవుతుంది. బాత్రూముకు ఎప్పుడు ఆపుతారోనని మా అత్తగారు మంచినీళ్లు తాగడమే మానేశారు. మరోసారి ప్రైవేటు వాహనంలో వెళ్లినప్పుడు ఆ బెంగ లేదు, మా డ్రైవరు ప్రతి గంటకూ ఒక మంచి చోటు చూసి ఆపారు.

ధర సాధారణంగా మనిషికి కాక వాహనానికి ఉంటుంది. ఏడెనిమిది మంది పట్టే వ్యాను అయితే మీరు అయిదుగురే కాబట్టి, మీకు తెలిసిన మరో ఇద్దరిని కలుపుకుంటే భారం తగ్గుతుంది. మాట్లాడుకునేటప్పుడు మూడు విషయాలు రాతపూర్వకంగా అడిగి ఉంచుకోండి: పార్కింగు రుసుములూ కోటల టికెట్లూ అందులో కలిసి ఉన్నాయా, మొత్తం ఎన్ని గంటలు మనకు కేటాయిస్తారు, వాతావరణం బాగా లేకపోతే తేదీ మార్చుకోవచ్చా. బాబుకు బూస్టర్ సీటు పెట్టమని కూడా ముందే చెప్పాలి. బ్రిటన్‌లో పిల్లలకు పన్నెండేళ్లు నిండేవరకు లేదా 135 సెంటీమీటర్ల ఎత్తు వచ్చేవరకు, ఏది ముందైతే అంతవరకు, కారులో పిల్లల సీటు వాడాలన్నది నియమం.

బాటసారి_హన్మకొండ

నా అభిప్రాయం కొంచెం వేరు. మీ వారు కారు నడిపేట్టయితే, అద్దెకు కారు తీసుకుని మీరే వెళ్లవచ్చు. ఇక్కడా మన దగ్గరలాగే ఎడమవైపే నడపాలి, ఖర్చు కూడా బాగా తగ్గుతుంది. దారి తప్పే అవకాశమే లేదు. ఇన్వర్‌మొరిస్టన్ దాటాక దాదాపు ఒకటే రోడ్డు.

ఉత్తరగాలి

బాటసారి గారూ, ఒకటి రెండు రాత్రులు దీవిలోనే ఉండేట్టయితే మీ మాటతో ఏకీభవిస్తాను. ఒక్క రోజులో వెళ్లి రావాలంటే మాత్రం సొంతంగా నడపమని చెప్పలేను. పన్నెండు గంటల రోజులో ఆరేడు గంటలు చక్రం పట్టుకున్న మనిషికి కొండలు చూసే తీరిక ఉండదు. పైగా స్కైలో ముఖ్యమైన రోడ్డు దాటి పక్కకు తిరిగితే చాలా చోట్ల ఒకే వాహనం పట్టే రోడ్లే. అక్కడక్కడ రోడ్డును కాస్త వెడల్పు చేసి, ఎదురుబొదురు వాహనాలు తప్పుకునే చోటు అని తెల్ల పలక పెట్టి ఉంటారు. ఆ చోటు మనకు ఎడమవైపు ఉంటే అందులోకి తప్పుకోవాలి, కుడివైపు ఉంటే దానికి ఎదురుగా రోడ్డు మీదే ఆగి ఎదుటివారిని అందులోకి రానివ్వాలి. వెనక వచ్చేవారు వేగంగా ఉంటే వాళ్లకూ దారి ఇవ్వాలి. ఇది కష్టమైన విద్య కాదు కానీ, ఎదురుగా పెద్ద వ్యాను వచ్చినప్పుడు వంద మీటర్లు వెనక్కి నడపవలసి వస్తే అలవాటు లేనివారికి చెమట పడుతుంది. ఆ చోట్లను పార్కింగుగా వాడకూడదు. వేసవిలో సందర్శకులు అలా ఆపేయడం వల్ల అంబులెన్సులు, స్కూలు బస్సులు ఇరుక్కుపోతున్నాయని దీవివాసులు ఎంతో బాధతో చెబుతుంటారు.

శిలాక్షరం (భూగర్భశాస్త్ర అధ్యాపకుడు)

కృష్ణాతీరం గారూ, దీవిలో ఏ వైపు చూడాలన్న నిర్ణయం మీద మీ రోజంతా ఆధారపడి ఉంటుంది. స్కై 1,650 చదరపు కిలోమీటర్ల పైచిలుకు దీవి. సముద్రపు పాయలు లోపలిదాకా చొచ్చుకురావడంతో ఒక కొస నుంచి ఇంకో కొసకు చుట్టి చుట్టి వెళ్లాలి. పడమట ఫెయిరీ పూల్స్, డన్వేగన్, నీస్ట్ పాయింట్ ఉన్నాయి. ఉత్తరాన ట్రాటర్నిష్ ద్వీపకల్పంలో స్టోర్, కిల్ట్ రాక్, కిరాంగ్ ఉన్నాయి. ఒక్క రోజులో ఈ రెంటిలో ఒకటే పెట్టుకోవాలి. మీ అమ్మగారి కోసం నేను ట్రాటర్నిష్‌నే ఎంచుకుంటాను, ఎందుకంటే అక్కడి గొప్ప దృశ్యాలన్నీ రోడ్డు మీద నుంచి గానీ, పార్కింగు నుంచి నాలుగడుగుల్లో గానీ కనిపిస్తాయి.

అక్కడ కళ్లకు కనిపించేదేమిటో ముందే తెలిస్తే చూడటంలో ఆనందం పెరుగుతుంది. సుమారు ఆరు కోట్ల ఏళ్ల కిందట, ఉత్తర అట్లాంటిక్ సముద్రం విచ్చుకుంటున్న కాలంలో, ఇక్కడ లావా పొరలు పొరలుగా పరుచుకుని గట్టిపడింది. దాని కింద ఉన్నవి జురాసిక్ కాలపు మెత్తని బురదరాళ్లు. పైనున్న బసాల్టు (గట్టిపడిన లావా రాయి) బరువును కింది మెత్తని రాయి మోయలేక, ట్రాటర్నిష్ వెన్నెముక పొడవునా కొండ పెచ్చులు పెచ్చులుగా తూర్పుకు జారింది. అలా జారిన ముక్కలలో ఒకటి దాదాపు 50 మీటర్ల ఎత్తున నిటారుగా మిగిలిన రాతిస్తంభం, అదే ఓల్డ్ మ్యాన్ ఆఫ్ స్టోర్. కిరాంగ్ దగ్గర ఈ జారుడు ఇప్పటికీ ఆగలేదు. అడుగున నేల కదులుతూ ఉండటం వల్ల ఫ్లాడిగారీ దగ్గర రోడ్డును ప్రతి ఏటా బాగుచేస్తూ ఉండాలి.

దీని చుట్టం మన ఇంటి దగ్గరే ఉంది. వికారాబాద్, ఆదిలాబాద్ వైపు కనిపించే నల్లరాయి, రాజమండ్రి దగ్గర గోదావరి ఒడ్డున బయటపడే లావా పొరలు దక్కన్ ట్రాప్స్‌కు చెందినవి. వాటి వయసు ఆరున్నర కోట్ల ఏళ్ల పైమాట. భూమి చరిత్రలో చూస్తే ఈ రెండు లావా ప్రవాహాలూ ఇంచుమించు ఒకే కాలానివి.

కిల్ట్ రాక్ దగ్గర తప్పకుండా ఆగండి. పార్కింగుకు ఆనుకునే ఇనుప కంచె ఉంటుంది, అమ్మగారు కంచె పట్టుకుని నిలబడి చూడవచ్చు. ఎడమవైపు సముద్రపు గోడలో నిలువు స్తంభాలుగా విడిపోయిన డోలరైట్ రాయి కనిపిస్తుంది. ముందువైపు మీల్ట్ సరస్సు నీరు దాదాపు 55 మీటర్ల ఎత్తు నుంచి నేరుగా సముద్రపు ఒడ్డున పడుతుంది. గాలి గట్టిగా వీచే రోజున కంచె గొట్టాల్లోకి గాలి దూరి సన్నగా మోగుతుంది. మీ బాబుకు అది చెప్పి చెవి పెట్టి వినమనండి. అక్కడి నుంచి కొద్ది దూరంలో స్టాఫిన్ ఊరి సముద్రతీరంలో, ఆన్ కోరన్ అనే చోట, డైనోసార్ల అడుగుజాడలు రాతిలో నిలిచి ఉన్నాయి. పోటు తగ్గిన వేళ, ఇసుక కప్పేయకుండా ఉంటేనే అవి కనిపిస్తాయి కాబట్టి గైడును ఆ రోజు ఆటుపోట్ల వేళలు చూడమని అడగండి.

మిట్టమధ్యాహ్నం

ఫెయిరీ పూల్స్ చూడకుండా స్కై యాత్ర పూర్తయినట్టేనా? మా స్నేహితులందరూ ముందు దాని ఫొటోలే చూపిస్తారు. ఆ నీలిరంగు నీటి మడుగులు చూడాలనే నేను కూడా వెళ్లాలనుకుంటున్నాను.

శిలాక్షరం

మీరు యువకులై, సగం రోజు దానికే ఇవ్వగలిగితే తప్పకుండా వెళ్లండి. నల్లని కూలిన్ శిఖరాల కింద ఆ మడుగులు నిజంగా అందమైనవి. పార్కింగు నుంచి రాళ్లదారిలో దిగి, వాగు దాటి, మళ్లీ ఎక్కి రావాలి, వర్షం పడితే వాగులో నీరు పెరుగుతుంది. మోకాళ్ల నొప్పులున్నవారికి అది తగదు. కూలిన్ పర్వతాలను మాత్రం కృష్ణాతీరం గారు దారిలోనే చూడవచ్చు. స్లిగాహన్ దగ్గర పాత రాతి వంతెన పక్కన ఆగితే, ఒక వైపు గాబ్రో రాయితో ఏర్పడిన నల్లని కూలిన్ రంపపు పళ్లలా కనిపిస్తుంది, మరో వైపు గ్రానైటుతో ఏర్పడిన ఎర్రకొండలు గుండ్రంగా ఉంటాయి. రెండూ ఒకే అగ్నిపర్వత కాలానివి, రాయి మారడంతో రూపం మారింది. ఈ నల్ల కూలిన్‌లోని స్గర్ అలస్డర్ 992 మీటర్లతో దీవిలోకెల్లా ఎత్తైన శిఖరం.

పాతబాట

అందరూ కొండల గురించి బాగా చెప్పారు. ఆ కొండల మధ్య బతికిన మనుషుల గురించి కూడా గైడును అడగమని కోరుతున్నాను, ఎందుకంటే అది తెలియకపోతే ఆ ఖాళీ లోయలు మొదటి నుంచీ ఖాళీగానే ఉన్నాయనుకుంటాము.

గ్లెన్ షీల్ లోయలో 1719 జూన్ 10న జాకొబైట్లకూ ప్రభుత్వ సైన్యానికీ యుద్ధం జరిగింది. పదవి కోల్పోయిన స్టువర్ట్ వంశాన్ని తిరిగి సింహాసనం ఎక్కించాలన్నది జాకొబైట్ల పట్టు, వారికి తోడుగా స్పెయిన్ సైనికులు కూడా వచ్చారు. యుద్ధం జరిగిన లోయకు పైనున్న ఒక శిఖరానికి ఇప్పటికీ స్పెయిన్ వారి శిఖరం అనే పేరే ఉంది. దానికి నెల రోజుల ముందే ప్రభుత్వ నౌకలు ఐలీన్ డోనన్ కోట మీద ఫిరంగులు పేల్చాయి, ఆ తరువాత కోటను మందుగుండుతో కూల్చివేశారు. ఇవాళ మూడు సముద్రపు పాయలు కలిసే చోట రాతి వంతెన మీదుగా మనం చూసే కోట 1911 నుంచి 1932 దాకా తిరిగి కట్టినది. ఆ సంగతి చెబితే కొందరు నిరుత్సాహపడతారు కానీ, రెండు వందల ఏళ్లు శిథిలంగా పడి ఉన్నదాన్ని ఇరవై ఏళ్లు ఓపికగా లేపి నిలబెట్టడం నాకు గౌరవించదగినదిగానే తోస్తుంది.

1746 ఏప్రిల్ 16న ఇన్వర్నెస్ పక్కనున్న కలోడెన్ మైదానంలో జాకొబైట్లు చివరిసారిగా ఓడిపోయారు. పారిపోతున్న స్టువర్ట్ వంశపు రాకుమారుడు చార్లెస్‌కు ఆడమనిషి వేషం వేయించి, ఫ్లోరా మెక్‌డొనాల్డ్ అనే యువతి పడవ మీద స్కై దీవికి చేర్చింది. ఆమె సమాధి ట్రాటర్నిష్‌లోని కిల్‌మ్యూర్ శ్మశానంలో ఉంది. కలోడెన్ చదునైన నేల కాబట్టి, మీకు మరునాడు ఉదయం తీరిక ఉంటే అమ్మగారిని కూడా నడిపించవచ్చు.

ఆ తరువాతి కథ మరింత బాధాకరమైనది. భూస్వాములు గొర్రెల పెంపకంలో లాభం చూసుకుని తరతరాలుగా సాగుచేసుకుంటున్న కుటుంబాలను లోయల నుంచి ఖాళీ చేయించారు. వేలమంది సముద్రతీరపు బండనేలకు, కెనడాకు, ఆస్ట్రేలియాకు వెళ్లిపోవలసి వచ్చింది. దారిలో గడ్డి మధ్య మోకాలెత్తు రాతిగోడలు కనిపిస్తే అవి ఒకప్పటి ఇళ్లు కావచ్చు. 1882లో పోర్ట్రీకి దక్షిణంగా ఉన్న బ్రేస్ గ్రామాల రైతులు, తమ పశువులు మేసే బెన్ లీ కొండ మీద హక్కు కోసం కౌలు కట్టడం ఆపేశారు. అరెస్టు చేయడానికి గ్లాస్గో నుంచి పోలీసులను రప్పిస్తే ఆడవాళ్లూ మగవాళ్లూ రాళ్లతో ఎదుర్కొన్నారు. ఆ అలజడి ఫలితంగా 1883లో ప్రభుత్వం విచారణ సంఘాన్ని వేసింది, 1886లో చట్టం తెచ్చి చిన్న రైతులను భూమి నుంచి వెళ్లగొట్టకుండా రక్షణ, న్యాయమైన కౌలు కల్పించింది. కౌలుదారు హక్కుల కోసం ఎంత పోరాటం జరిగిందో తెలిసిన తెలుగువారికి ఈ చరిత్ర ఊరకే చెబితే చాలు, మనసుకు పడుతుంది. స్లిగాహన్, పోర్ట్రీల మధ్య నుంచి బ్రేస్‌కు చిన్న రోడ్డు ఉంది, అక్కడ ఒక స్మారకం ఉంది. పట్టికలలో ఆ చోటు దాదాపు ఎప్పుడూ కనిపించదు. అడిగితే తీసుకువెళ్లే గైడు దొరకడమే ప్రైవేటు యాత్రలో నిజమైన లాభం.

గోంగూర_గ్లాస్గో

తిండి సంగతి ఎవరూ రాయలేదు కాబట్టి నేను చెబుతాను. ఇన్వర్నెస్‌లో వంటగది ఉన్న బస తీసుకుని, బయల్దేరే ఉదయం పులిహోర, దద్దోజనం కలిపి డబ్బాల్లో పెట్టుకోండి. చల్లని వాతావరణంలో సాయంత్రం దాకా చెడదు. పోర్ట్రీలో హోటళ్లు ఉన్నాయి, శాకాహారం దొరుకుతుంది, కానీ ఆ ఊరు చిన్నది, వేసవి మధ్యాహ్నాల్లో చోటు దొరకడానికే చాలాసేపు నిలబడాలి. కూరగాయల సూప్ అని రాసి ఉన్నా, అందులో కోడి ఎముకల నీళ్లు కలిపారేమో అడిగి తెలుసుకోవాలి, అడిగితే వాళ్లు నిజమే చెబుతారు. హాగిస్ అనేది మామూలుగా మాంసంతో చేసే స్కాట్లండ్ వంటకం, ఓట్స్, పప్పుధాన్యాలతో చేసే శాకాహార హాగిస్ కూడా చాలా చోట్ల దొరుకుతుంది. మిరియాల ఘాటు ఉంటుంది కాబట్టి మా నాన్నగారు ఇష్టంగానే తిన్నారు. ఫ్లాస్కులో వేడినీళ్లు మాత్రం మరవకండి.

వాహనంలో తినడం కొందరు డ్రైవర్లకు ఇష్టం ఉండదు. ముందే అడిగి, ఎక్కడ ఆపి తినాలో నిర్ణయించుకోండి. స్లిగాహన్ పాత వంతెన దగ్గర గాలి లేని రోజున కూర్చోవడానికి బాగుంటుంది.

చెట్టునీడ

గాలి లేని రోజు అన్నారు కాబట్టి మిడ్జ్‌ల గురించి హెచ్చరించాలి. ఇవి కంటికి సరిగా ఆనని చిన్న కుట్టుపురుగులు. గాలి ఆగిపోయి తేమగా ఉన్న ఉదయం, సాయంత్రం వేళల్లో గుంపులుగా వస్తాయి. జూన్ నుంచి ఆగస్టు వరకు ఎక్కువ, మే నెలాఖరులో తక్కువే ఉంటాయి. కొద్దిగా గాలి వీస్తే చాలు, ఎగరలేవు. ఒంటికి రాసుకునే మందు, బాబుకు పొడుగు చేతుల చొక్కా ఉంచుకోండి. మీరు ఎంచుకున్న మే నెల మంచి నెలే. రాత్రి తొమ్మిదిన్నరకు కూడా వెలుతురు ఉంటుంది కాబట్టి తిరుగు ప్రయాణంలోనూ దారి కనిపిస్తుంది. అదే డిసెంబరులో అయితే మధ్యాహ్నం మూడున్నరకే చీకటి పడుతుంది.

కృష్ణాతీరం

ఇంత శ్రద్ధగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. ఎడిన్‌బరో ఆలోచన వదిలేశాము, ఇన్వర్నెస్‌లో రెండు రాత్రులు ఉంటాము. ఒక స్థానిక గైడుతో మాట్లాడాను. స్కాటిష్ టూరిస్ట్ గైడ్స్ అసోసియేషన్ వారి బ్లూ బ్యాడ్జ్ (శిక్షణ పొందిన గైడ్లకు ఇచ్చే గుర్తింపు) ఉన్నవారు. నేను అడగకముందే అమ్మ ఎంత దూరం నడవగలదని వారే అడిగారు.

ఇప్పటికి అనుకున్నది ఇది. ఎనిమిదింటికి బయల్దేరి లాక్ నెస్ ఒడ్డున అర్కర్ట్ కోటను పైనుంచే చూసి, గ్లెన్ షీల్‌లో ఆగి, ఐలీన్ డోనన్ చూసుకుని, వంతెన మీదుగా దీవిలోకి వెళ్లి, స్లిగాహన్‌లో భోజనం చేసి, బ్రేస్ స్మారకం చూసి, పోర్ట్రీ, స్టోర్, కిల్ట్ రాక్, కిరాంగ్ మీదుగా ట్రాటర్నిష్ పడమటి ఒడ్డునున్న యూయిగ్ ఊరు చేరి, అక్కడి నుంచి వెనక్కి. మా వాడు మాత్రం దీవికి పడవ మీదే వెళ్లాలని పట్టుబడుతున్నాడు. వంతెన ఉన్నాక పడవలు ఉన్నాయా?

ఉత్తరగాలి

ఉన్నాయి, మీ బాబుకు నచ్చే పడవే ఉంది. స్కైకి ఎదురుగా ప్రధాన భూమి మీదున్న కైల్ ఊరి వద్ద వంతెన 1995 అక్టోబరులో తెరిచారు. అప్పటి టోలు మీద స్థానికులు ఏళ్ల తరబడి పోరాడితే 2004 డిసెంబరులో ఎత్తివేశారు, కాబట్టి ఇప్పుడు దాటడానికి రుసుము లేదు. కానీ దానికి దక్షిణంగా, గ్లెనెల్గ్ నుంచి స్కైలోని కైల్‌రియాకు, ఈస్టర్ నుంచి అక్టోబరు దాకా గ్లెనాకులిష్ అనే చిన్న ఫెర్రీ నడుస్తుంది. 1969లో కట్టిన ఈ పడవ ఆరు కార్లు మాత్రమే పడుతుంది. ఒడ్డుకు పక్కవాటుగా ఆనుకుంటుంది. కార్లు నిలిచిన పైతట్టును పనివాళ్లు చేతులతో నెట్టి గుండ్రంగా తిప్పితే, అది ఒడ్డు వైపు తిరిగాక కార్లు దిగుతాయి. చేత్తో తిప్పే ఇటువంటి ఫెర్రీలలో మిగిలింది ఇదొక్కటే, స్థానికులే కలిసి కొనుక్కుని నడుపుతున్నారు. ముందే టికెట్టు తీసుకునే పని లేదు, వెళ్లి వరుసలో నిలబడటమే. దాటడానికి అయిదు నిమిషాలు పడుతుంది, ఆ పాయలో నీటి వేగం చాలా ఎక్కువ. ఒడ్డున సీల్ జంతువులు కనిపించడం మామూలే.

అయితే దీనికోసం షీల్ బ్రిడ్జ్ దగ్గర ఎడమకు తిరిగి మామ్ రాటగన్ కనుమ ఎక్కాలి. మలుపులు బాగా ఉన్న ఇరుకు రోడ్డు, అమ్మగారికి వాహనంలో తల తిరిగే అలవాటు ఉంటే ఆలోచించండి. కనుమ పైన ఆగి వెనక్కి చూస్తే, డూయిక్ పాయ మీద అయిదుగురు అక్కచెల్లెళ్లు పూర్తి వరుసగా కనిపించేది అక్కడి నుంచే. మొత్తం మీద అరగంట పైన అదనంగా పడుతుంది. అందుకు బదులు ఐలీన్ డోనన్‌ను తిరుగు ప్రయాణానికి మార్చుకోండి. కోట లోపల మెట్లు ఇరుకైనవి కాబట్టి అమ్మగారు ఎలాగూ పైకి ఎక్కరు. సాయంత్రం టికెట్లు ఆపేశాక బస్సులన్నీ వెళ్లిపోయి, ఒడ్డున బెంచీ మీద కూర్చుని చూడటానికి తీరికగా ఉంటుంది.

ఇంకొక మాట, అక్కడి నుంచి వచ్చిన దారినే తిరిగి రాకండి. ఆక్టర్‌టైర్ దగ్గర ఏ 890 రోడ్డు ఎక్కి లాక్ కారన్ పాయ ఒడ్డున అక్నషీన్ మీదుగా ఇన్వర్నెస్ వస్తే, కైల్ రైలు మార్గం చాలా దూరం మీ పక్కనే నడుస్తుంది. ఆ మార్గం 1870లో స్ట్రోమ్‌ఫెర్రీ దాకా, 1897లో కైల్ దాకా వేశారు. ఒక చోట కొండకూ సముద్రానికీ మధ్య ఉన్న సన్నని అంచు మీద రోడ్డూ పట్టాలూ ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ పోతాయి. 2011 చివర అక్కడ కొండచరియ విరిగిపడి రోడ్డు నెలల తరబడి మూతపడితే, కొంతకాలం కార్లను ఆ పట్టాల మీదుగానే నడిపించారు. రైల్వేలో పనిచేసిన మీ నాన్నగారిని ఆ వైపు కిటికీ దగ్గర కూర్చోబెట్టండి. బయల్దేరే ముందు ఆ రోడ్డు తెరిచి ఉందో లేదో గైడును చూడమనండి.

పాతబాట

ఫెర్రీ కలిపితే రోజు పొడవు పెరుగుతుంది. అలాంటప్పుడు ఏదో ఒకటి వదలక తప్పదు. కిరాంగ్ మెట్ట మీద దాకా వెళ్లి, యూయిగ్ దిగకుండా వెనక్కి తిరగమని నా సలహా. బ్రేస్ స్మారకం వదిలేయమని మాత్రం చెప్పలేను.

కృష్ణాతీరం

అలాగే చేస్తాము. గైడుకు ఇప్పుడే రాశాను: వెళ్లేటప్పుడు ఫెర్రీ, వచ్చేటప్పుడు వంతెన, యూయిగ్ లేదు, సాయంత్రం ఐలీన్ డోనన్, తిరుగు ప్రయాణం లాక్ కారన్ ఒడ్డున. అమ్మకు తల తిరిగే అలవాటు లేదు. అయినా ఆ ఉదయం వాన గట్టిగా పడితే కనుమ మీదకు వెళ్లాలా వద్దా అన్నది షీల్ బ్రిడ్జ్ దగ్గర ఆగి వారే నిర్ణయిస్తామన్నారు. బూస్టర్ సీటు, పార్కింగు రుసుములు, తేదీ మార్పు మూడూ రాతలో ఒప్పుకున్నారు. ఇక మిగిలింది ఆ తేదీకి ఆటుపోట్ల వేళలు చూసుకోవడమే. అడుగుజాడలు కనిపించే వేళ మధ్యాహ్నానికి కుదిరితే స్టాఫిన్‌లో అరగంట ఉంటాము, లేకపోతే ఆ అరగంట పోర్ట్రీ రేవులో అమ్మకు విశ్రాంతిగా ఇస్తాము.